దుబాయి ఉత్తరాలు ఉన్నాయి, దుబాయి మెయిళ్లు లేవు

కోరుట్లలో ఏ పాత ఇంటికైనా వెళ్లి, నలభై ఏళ్ల కింద దుబాయి నుంచి వచ్చిన ఉత్తరం ఉందా అని అడగండి. అటక మీది సందుగ దించుతారు. పెళ్లినాటి పట్టుచీర కింద, పట్టాదారు పాసుపుస్తకం పక్కన, దారంతో కట్టిన కట్ట ఉంటుంది. అదే ఇంట్లో 2005లో కొడుకు రాసిన మెయిల్ చూపించమనండి. చూపించలేరు. తండ్రి రాసింది ఉంది, కొడుకు రాసింది లేదు. ఇదీ నా గోడు. ముసలాడి చాదస్తం అనుకునేవాళ్లు అనుకోండి, కానీ చెప్పేది పూర్తిగా వినండి.

నేను బడిపంతులుగా పని చేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో పంతులంటే పిల్లలతో అఆలు దిద్దించి ఇంటికి పోయేవాడు కాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఒకామె ఉత్తరం చదివించుకోవడానికి వచ్చేది, ఇంకొకామె రాయించుకోవడానికి వచ్చేది. గల్ఫ్‌లో ఏ దేశం పోయినా మాకు అది దుబాయే. 1970ల్లో చమురు ధర పెరిగి అక్కడ రోడ్లు, బిల్డింగులు లేస్తుంటే, ఇక్కడ బావులెండి, అప్పులు పెరిగి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల మగవాళ్లు బొంబాయి బస్సెక్కారు. ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. ఆలుమగల మధ్య మిగిలింది ఉత్తరం ఒక్కటే.

అది నీలిరంగు కాగితం. కాగితమూ అదే, కవరూ అదే. మడిచి అంచులకు జిగురంటిస్తే పని అయిపోయేది, లోపల ఇంకేమీ పెట్టకూడదు. అందుకే రాసేవాడు ఒక్క మూల కూడా వదిలేవాడు కాదు. జాగా అయిపోతే అంచున నిలువుగా తిప్పి రాసేవాడు. సేటుకు మిత్తి కట్టినవా, బర్రె ఈనిందా, చెల్లె పెండ్లికి ఎవలన్న అడుగుతున్నరా, బాయిల నీళ్లెంత లోతున్నయి. అటువైపు చిరునామాలో వీధి పేరుండేది కాదు. అక్కడ తపాలా ఇంటికి వచ్చేది కాదు, కంపెనీ పీఓ బాక్సుకు వచ్చేది. కంపెనీ మనిషి పోయి తెచ్చి క్యాంపులో పంచేవాడు. మన వైపు మాత్రం తండ్రి పేరు, ఊరు, తాలూకా, కరీంనగర్ జిల్లా, చివర పిన్ కోడ్. కోరుట్లకు 505326, జగిత్యాలకు 505327, సిరిసిల్లకు 505301. పిన్ కోడ్ 1972లో వచ్చింది. తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది. ఇన్ని మారినా ఆ పాత నంబరు వేసి రాసిన ఉత్తరం ఇవాళ డబ్బాలో వేస్తే ఇల్లు చేరుతుంది. పాతదాన్ని చెల్లనిది చేయకుండా కొత్తదాన్ని తేవడం ఎట్లాగో తపాలా శాఖకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఉత్తరం చదివేటప్పుడు అత్త, మామ, ఆడబిడ్డ, పిల్లలు అందరూ ఉండేవారు. ఆ రోజు అందరి ముందు విని తలవంచుకుని పోయిన కోడలు, మర్నాడు బడి విడిచే వేళకు ఒక్కతే వచ్చి, "సారూ, ఆ సివరి ముక్క ఇంకొక్కపారి సదువుండ్రి" అని అడిగేది. చదివేవాణ్ణి. ఆ చదవడానికి నా కళ్లు చాలేవి. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఆమె తర్వాత అక్షరాలు నేర్చుకుని అవే ఉత్తరాలు సొంతంగా చదువుకుంది. ఇప్పుడు మనుమరాలికి చదివి వినిపిస్తోంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఉత్తరాలు ఆగిపోయాయి. లక్షమందికి పైగా మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. మనిషి బతికి ఉన్నాడో లేడో తెలియని ఆ రోజుల్లో, నాకు తెలిసిన ఇళ్లలో చివరి ఉత్తరం వెనక ఉన్న కంపెనీ పేరు, బాక్సు నంబరు తప్ప ఇంకో ఆధారం లేదు. దాన్ని పట్టుకునే ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఉత్తరమంటే కబురొక్కటే కాదు, కాగితం మీది సాక్ష్యం.

మధ్యలో కొన్నేళ్లు క్యాసెట్లు వచ్చాయి. సెలవు మీద వచ్చేవాడు టూ-ఇన్-వన్ తెచ్చేవాడు, మళ్లీ పోయాక మాటలు రికార్డు చేసిన క్యాసెట్ ఎవరి చేతనో పంపేవాడు. ఆ టేపుల్లో చాలావరకు బూజు పట్టాయి. అయినా ఆడించే డబ్బా దొరికితే ఇప్పటికీ పలుకుతాయి.

ఇక మెయిల్ సంగతి. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. మా దిక్కు చేరేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. జగిత్యాల పాత బస్టాండ్ దగ్గర పసుపు బోర్డు ఎస్‌టీడీ బూత్‌లు ఒక్కొక్కటే నెట్ సెంటర్లయ్యాయి. వీసా కాపీ మెయిల్‌లో రావడం మొదలైంది. ప్రింటు చేతికొచ్చేదాకా ఏజెంటు మనుషులు ఆ షాపు ముందే కూర్చునేవారు. రిటైరయ్యాక నేనూ ఇంట్లో కంప్యూటర్ పెట్టించుకున్నాను. మోడెమ్‌తో 172233కి డయల్ చేస్తే సంచార్‌నెట్ కలిసేది. ఫోను లైను ఒక్కటే కనుక నెట్ నడిచినంతసేపూ ఇంటికి ఫోను రాదు. అందుకని మెయిళ్లు గబగబా దింపుకుని లైను వదిలేసి, తర్వాత నింపాదిగా చదువుకునేవాణ్ణి.

సిరిసిల్లలో మా అక్క కొడుకు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. సాంచాలు బందయ్యే రోజులు వచ్చి, కొందరు భీవండి పోతే వీడు 2003లో దుబాయి పోయాడు. మొదట హెల్పర్, తర్వాత స్టోర్‌కీపర్. సైట్ ఆఫీసులో కంప్యూటర్ ఉండేది, శుక్రవారం దాని ముందు కూర్చుని నాకు రాసేవాడు. వాడి చెయ్యి మంచిది. 2007లో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు, కాగితాల్లేక దాక్కుని బతుకుతున్న ఖల్లివెల్లి వాళ్లు ఎట్లా బయటికొచ్చారో, ఔట్‌పాస్ కోసం ఎండలో ఎట్లా నిలబడ్డారో రాశాడు. 2008 చివర్లో దుబాయిలో కట్టడాలు ఆగిపోయినప్పుడు క్యాంపులో జీతాల్లేక గడిపిన రాత్రుల గురించి రాశాడు. మన జిల్లా చరిత్రకు పనికొచ్చే రాతలవి. పత్రికల్లో రానివి, ఏ అధికారీ రాసుకోనివి.

అవన్నీ మా కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోకి దిగేవి. అప్పట్లో మెయిల్ దింపుకునే పద్ధతి పేరు పాప్‌3. సర్వర్ దగ్గర ఉన్నదాన్ని మన యంత్రంలోకి దింపి, అక్కడ తుడిచేయడం దాని మామూలు పని. అంటే ఇక నాకు అందిన ఆ ఉత్తరం ఒక్కచోటే ఉంది, నా హార్డ్ డిస్కులో. నీలి ఉత్తరం కూడా ఒక్కటే ఉండేది కదా అంటారు. ఉండేది. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసేది. ఈ ప్రోగ్రామ్ మాత్రం ఒక్కో ఫోల్డర్‌ను డీబీఎక్స్ అనే ఒక్కో ఫైలుగా చేసి, మామూలుగా కంటికి కనపడని ఫోల్డర్లో, దాని లోపలి ఫోల్డర్లో, ఇంకా లోపల దాచేది.

ఆ దాచడమే వేలమంది ఉత్తరాలను మింగేసిందని నేను నమ్ముతున్నాను. వైరస్ వస్తే ఏం చేసేవాళ్లం? సీపీయూ ఆటోలో వేసుకుని షాపుకు పోయేవాళ్లం. అక్కడి అబ్బాయి, "సార్, ఫార్మాట్ కొట్టాలె, మై డాక్యుమెంట్స్ కాపీ చేస్త" అనేవాడు. ఫొటోలు కాపీ అయ్యేవి, పాటలు కాపీ అయ్యేవి. మెయిళ్లు మై డాక్యుమెంట్స్‌లో ఉండవు. మర్నాడు తెచ్చుకున్న కంప్యూటర్ కొత్తదానికిమల్లే పరుగెత్తేది, ఐదేళ్ల ఉత్తరాలు మాత్రం ఉండేవి కావు. అబ్బాయి తప్పు లేదు. ఉత్తరాలను ఇంటి యజమానికే కనపడకుండా పెట్టిన ఏర్పాటుదే తప్పు.

నావి ఎట్లాగో మిగిలాయి. పాత యంత్రం మూలుగుతోందని మొన్నామధ్య మనుమడు కొత్తది తెచ్చాడు. అందులో కొత్త మెయిల్ ప్రోగ్రామ్ పెట్టి, "తాతా, అన్నీ దీంట్లకు వస్తయి" అన్నాడు. రాలేదు. ఆ ప్రోగ్రామ్ పేరు చెప్పను, ఎవరి మీదా నిందలు వేయడానికి రాయడం లేదు. ఇంపోర్ట్ అనే మాట అందులో ఉంది, నొక్కితే నాలుగైదు పేర్లు చూపిస్తుంది. మా పాత పేరు వాటిలో లేదు. పాత ఫైలు ఎదురుగా పెడితే అదేమిటో ఎరగనంటుంది.

అప్పుడు మనుమడు ఒక దారి కనుక్కున్నాడు. పాత కంప్యూటర్‌నే మళ్లీ లేపి, అక్కడ మెయిళ్లన్నీ ఒకేసారి ఎంచుకుని, మౌస్‌తో ఖాళీ ఫోల్డర్లోకి లాగితే, ఒక్కో మెయిల్ ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా బయట పడుతుంది. వాటిని పెన్ డ్రైవ్‌లో తెచ్చి కొత్తదానికి అందించాడు. వచ్చాయి. వచ్చిన తీరు చూసి మాత్రం నాకు నోట మాట రాలేదు. ఒక వరసలో ఉండాల్సినవి చెల్లాచెదరయ్యాయి. నేను రాసినవి, నాకు వచ్చినవి కలిసిపోయాయి. చాలావాటికి తారీఖు కింద దిగుమతి చేసుకున్న రోజే పడింది. 2008 నాటి దుఃఖం నిన్న వచ్చినట్టు చూపిస్తోంది. అసలు తారీఖు ఉత్తరం లోపలే, హెడర్‌లో పదిలంగా ఉంది. పైకి చూపించడం ఆ ప్రోగ్రామ్‌కు చేతకాలేదు, అంతే. అడ్రస్ బుక్‌లో తెలుగులో రాసుకున్న పేర్ల బదులు వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి.

సిరిసిల్లలో సాంచా మీద నూలు చుట్టిన ఒక భీము అయిపోతే కొత్త భీము ఎక్కిస్తారు. పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. వేల పోగులు, ఒక్కటి తప్పినా గుడ్డలో గీత కనపడుతుంది. కూలి తక్కువే అయినా అతికేవాడు ఒక్క పోగునూ వదలడు, వదిలితే యజమాని గుడ్డ తీసుకోడు. కోట్ల మంది వాడే ప్రోగ్రామ్ రాసేవాళ్ల నుంచి ఆ నేతకాడి పాటి శ్రద్ధ ఆశించడం పెద్ద కోరికేమీ కాదు.

అన్నిటికంటే ఎక్కువ నొప్పి తెలుగుతో వచ్చింది. అప్పట్లో ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఈనాడు చదవాలంటే ఒకటి దింపుకోవాలి, వార్త చదవాలంటే ఇంకొకటి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరం కాదు. లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. పైన తెలుగు బొమ్మ తొడిగేవారు. తెలుగుకు సొంత జాగా యూనికోడ్‌లో 1991లోనే వచ్చింది. విండోస్‌లో అది కనపడింది 2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు వచ్చాక. అందరి చేతికీ అలవాటయ్యేసరికి ఇంకెన్నో ఏళ్లు గడిచాయి. మా మేనల్లుడు మంచి తెలుగులో రాయాలన్న పట్టుదలతో ఎవరో ఇచ్చిన డీటీపీ ఫాంటులో కూర్చుని కొట్టేవాడు, ఆ ఫాంటు నాకూ పంపాడు. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు, పాతదాంట్లోనూ దొరకలేదు. తొడుగు పోయి లోపలి గుర్తులు బయటపడ్డాయి. అవి ఏ భాషా కాదు.

వాడు తొందరలో ఉన్నప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాడు. అట్లా రాయొద్దురా, మన లిపి ఉండగా అని వాడికి నేను చెప్పేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అవన్నీ చెక్కు చెదరకుండా వచ్చాయి. భాష మీద ప్రేమతో, గంటలు కూర్చుని, వత్తులూ గుడులూ చూసుకుని రాసిన ఉత్తరాలే పాడయ్యాయి. ఇందుకు నాకు కోపం వస్తుంది. ఇరవై ఏళ్లు తెలుగుకు జాగా చూపించకుండా, ఎవరికి తోచిన ఫాంటు వాళ్లు అమ్ముకుంటూ ఉంటే ప్రభుత్వాలు చూస్తూ కూర్చున్నాయి. ఆ ఇరవై ఏళ్లలో తెలుగులో రాసిన వాళ్లందరూ దాని ఫలం అనుభవిస్తున్నారు.

పేర్లు మారడం ఇంకో తంటా. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఎక్స్‌పీతో ఆగింది. విస్టాలో విండోస్ మెయిల్ వచ్చింది. విండోస్ 7లో అదీ లేదు, లైవ్ మెయిల్ విడిగా తెచ్చుకోవాలి. 2017 జనవరిలో దానికి సాయం ఆపేశారు. తర్వాత మెయిల్ అనే యాప్ ఇచ్చి, 2024 డిసెంబర్ 31తో దాన్నీ చాలించి, కొత్త అవుట్‌లుక్ వాడుకోమన్నారు. ఒకే ఇంటి నుంచి పాతికేళ్లలో ఇన్ని తలుపులు మారాయి. మారిన ప్రతిసారీ సామాను మోసుకోవాల్సింది మనమే. పిన్ కోడ్ గురించి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

నెట్ సెంటర్లో హాట్‌మెయిల్ తెరిచి రాసుకున్నవాళ్ల గతి ఇంతకంటే కష్టం. 2 ఎంబీ జాగా, నిండితే పాతవి తుడవాలి, కొన్నాళ్లు తెరవకపోతే అన్నీ పోతాయి. 2004లో జీమెయిల్ 1 జీబీ ఇచ్చినప్పుడు ఇక తుడిచే పని లేదనుకున్నాం. ఇప్పుడు రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను తీసేస్తామన్నారు, 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలైంది. దుబాయిలో గుండె ఆగి చనిపోయినవాడి ఖాతాను ఎవరు ముట్టుకుంటారు? భార్యకు పాస్‌వర్డ్ తెలియదు. తర్వాత వచ్చిన వాట్సాప్ మాటలు, బ్యాకప్ పెట్టుకోకపోతే, ఫోను పగిలితే పోతున్నాయి.

ఇవి ఊసుపోక చదువుకునే రాతలైతే నేనింత గొంతు చించుకోను. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. మంచి పని. అక్కడి కంపెనీ దగ్గర ఆగిపోయిన జీతం, సర్వీసు డబ్బు సంగతి వేరు. ఏ కంపెనీ, జీతమెంత ఒప్పుకున్నారు, ఎప్పటి నుంచి పని చేశాడు అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి కావాలి. ఒప్పందం మెయిల్‌లో వచ్చింది, వీసా మెయిల్‌లో వచ్చింది, జీతం ఇవ్వడం లేదన్న మొర కూడా మెయిల్‌లోనే పోయింది. మెయిల్ లేకపోతే ఆ మనిషి అక్కడ పని చేశాడనడానికి సాక్ష్యం సగం పోయినట్టే.

మెయిల్ నిమిషంలో చేరుతుందని నాకూ తెలుసు. మా రోజుల్లో తండ్రి పోయిన కబురు కొడుక్కి దశదినకర్మ అయ్యాక అందిన ఇళ్లున్నాయి, ఆ ఉత్తరాలు రాసింది నేనే. టెలిగ్రామ్ కూడా 2013 జూలైలో ఆగిపోయింది, దాని కోసం నేను ఏడవలేదు. వేగం కావాలి. నేనడిగేది వేగంగా వచ్చినదాన్ని ఉంచుకునే హక్కు. ఉత్తరం అందుకున్నవాడిది కావాలి గాని, దాన్ని చూపించే ప్రోగ్రామ్‌ది కాకూడదు. నిజానికి మెయిల్ పుట్టినప్పుడు మామూలు అక్షరాల వరసే. 2004లో వచ్చిన థండర్‌బర్డ్ ఇప్పటికీ అట్లాగే దాచుతుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా తేదీ, పేరు, ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి. జతచేసిన ఫొటోలు మాత్రం విప్పుకోవాలి. మనుమడు చివరికి మా మెయిళ్లను దానిలోకే చేర్చాడు, తారీఖులు వాటి చోటికి వచ్చాయి. చేయదలిస్తే అవుతుందని తేలింది కదా.

అందుకని మా ఊళ్లవాళ్లకు చెబుతున్నాను. అటక మీద పాత సీపీయూ ఉంటే ఇనుప సామానువాడికి తూకానికి వేయకండి. కనీసం హార్డ్ డిస్కు విప్పి తీసిపెట్టుకోండి. డీబీఎక్స్, పీఎస్‌టీ, ఈఎంఎల్ అని చివర ఉన్న మెయిల్ ఫైళ్లు ఎక్కడున్నా వెతికి, ముట్టుకోకుండా ముందు రెండు కాపీలు చేయండి. పాత యంత్రం ఇంకా లేస్తుంటే దానిలోంచే మెయిళ్లు బయటికి లాగండి, అది చచ్చాక లాగడం చాలా కష్టం. ముఖ్యమైనవి ప్రింటు తీయండి. జీమెయిల్ ఖాతాలు ఉన్నవాళ్లు ఇంట్లో ఒక్కరికైనా పాస్‌వర్డ్ చెప్పి పెట్టండి. ఫార్మాట్ కొట్టే షాపుల పిల్లలకు కూడా ఒక మాట: మై డాక్యుమెంట్స్ అడిగినట్టే, మెయిళ్లు కూడా ఉన్నాయా అని అడగండి నాయనా.

మేనల్లుడు తిరిగొచ్చి ఇప్పుడు సిరిసిల్ల దగ్గరి బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో పని చేస్తున్నాడు. ఆదివారాలు కోరుట్ల వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. గుర్తులుగా మిగిలిన మెయిళ్లు ముందు పెట్టుకుని, ఏ గుర్తు ఏ అక్షరమో ఇద్దరం పట్టిక రాస్తున్నాం. అచ్చులు తేలాయి, గుణింతాలు చాలావరకు తేలాయి. వత్తుల దగ్గర ఆగాం, వాడికి కూడా గుర్తు రావడం లేదు. ఆ ఫాంటు దొరికితే పట్టికతో పనే లేదు, ఉత్తరాలు వాటంతటవే కనపడతాయి. 2003, 2004 ప్రాంతంలో జగిత్యాలలో, సిరిసిల్లలో డీటీపీ షాపులు నడిపి పెళ్లిపత్రికలు కొట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పటి ఫాంట్ల సీడీలు మీ సొరుగుల్లో ఉంటే ఒక్కసారి చూడండి. ఇస్తే కాపీ చేసుకుని మళ్లీ తెచ్చి ఇచ్చేస్తాను.